మామ్మ పెట్టెలో పసుపు గుడ్డ మూట: తొలేళ్ళ గింజలంటే ఏమిటి?

అడిగినవారు: మామ్మ మనవరాలు, బెంగళూరు

అందరికీ నమస్కారం. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, ఈ వేసవిలో కాలం చేసింది. ఆవిడది విజయనగరం దగ్గర పల్లెటూరు. తాతగారు పోయాక మా దగ్గరే ఉంది. మొన్న ఆవిడ ట్రంకు పెట్టె తెరిచాం. రెండు నేత చీరలు, తాతగారి కళ్ళజోడు, అడుగున ఒక పసుపు గుడ్డ మూట ఉన్నాయి. మూట విప్పితే గుప్పెడు వడ్లు. వాటితోపాటు మామ్మ చేతిరాతతో ఒక చీటీ: "తొలేళ్ళ గింజలు. పారెయ్యకండి."

నాన్నగారిని అడిగితే "పైడితల్లి పండగ నాటివి అనుకుంటా" అన్నారు. చిన్నప్పుడే చదువుకని ఊరు విడిచారు కాబట్టి ఆయనకు అంతకుమించి తెలియదు. నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా సిరిమాను వీడియోలే. పొడవాటి మాను చివర పూజారి కూర్చుని ఉంటారు, కింద జనసముద్రం. ఈ గింజల గురించి మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

మామ్మ చిన్నప్పుడు నాకొక కథ చెప్పేది. పైడితల్లి రాజుగారి చెల్లెలని, అన్నగారిని యుద్ధానికి వెళ్ళొద్దని బతిమాలిందని. నేను సగం విని నిద్రపోయేదాన్ని. ఇప్పుడు మళ్ళీ చెప్పించుకుందామంటే ఆవిడ లేదు.

తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. ఈ గింజలు ఏమిటి? వీటిని ఏం చెయ్యాలి? ఆ కథ నిజంగా జరిగిందా? ఈసారి పండక్కి ఒక్కసారైనా వెళ్ళాలనుంది. ఏ రోజుకు చేరుకోవాలి?

జవాబు: విశాఖ ఉద్యోగి

సిరిమానుకు ముందురోజు రాత్రి జరిగేదాన్ని తొలేళ్ళు అంటారండి. అప్పుడు పూజారిగారు రైతులకు గింజలు పంచుతారు. మీ మామ్మగారి మూట అదే. సిరిమాను ఎప్పుడూ దసరా వెళ్ళిన తర్వాత వచ్చే మంగళవారమే. 2025లో అక్టోబర్ 2న దసరా, 7న సిరిమాను జరిగాయి. మీరు మంగళవారం ఉదయానికి చేరుకుంటే చాలు. ఊళ్ళోకి బళ్ళు రానివ్వరు, కాబట్టి కారులో కన్నా రైల్లో రావడం మేలు. పసిపిల్లలుంటే మాత్రం ఆ రద్దీలోకి తీసుకురాకండి.

జవాబు: గంటస్తంభం టీచరమ్మ, విజయనగరం

అమ్మా, మీ మూట సంగతి చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. అలాంటి మూట మా ఇంట్లోనూ ఉండేది.

మా నాన్నగారు రైతు. గజపతినగరం వైపు మాకు రెండెకరాల పల్లం ఉండేది. నేను బడిపంతులమ్మగా 33 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు పట్నంలోనే గంటస్తంభం దగ్గర ఉంటున్నాను. నా చిన్నతనంలో తొలేళ్ళ సోమవారం వచ్చిందంటే మా ఊరి మగవాళ్ళు పొద్దు వాలకముందే బయలుదేరేవారు. కొందరు నడిచి, కొందరు బండి కట్టుకుని వెళ్ళేవారు. మర్నాడు తెల్లారేసరికి నాన్నగారు కండువా కొంగున నాలుగు గింజలు ముడివేసుకుని తిరిగొచ్చేవారు. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉండేవి. ఆ ముడి విప్పే దాకా ఆయన కాళ్ళు కూడా కడుక్కునేవారు కాదు. అమ్మ పసుపు గుడ్డ పరిచేది, దాని మీద పోసి దణ్ణం పెట్టుకునేవారు. ఆ తర్వాతే కాఫీ.

పై జవాబు రాసినవారు మంగళవారానికి వస్తే చాలన్నారు. ఆయన మంచికే చెప్పారు గానీ, మీరు మాత్రం అలా చెయ్యకండి. మీ మామ్మగారి పండగ సోమవారం రాత్రిది.

ఆ రాత్రి ఏం జరుగుతుందో చెప్తాను. అమ్మవారి ఘటాలు కోట దగ్గర ఉంటాయి. మేళతాళాలతో అక్కడికి వెళ్తారు. ఘటాలకు పూజ అయ్యాక, పూసపాటి రాజకుటుంబం నుంచి వాటిని మర్నాడు సిరిమాను ఎక్కబోయే పూజారిగారే అందుకుని, మూడు లాంతర్ల కూడలి దగ్గరున్న అమ్మవారి గుడికి, అంటే చదురుగుడికి, తీసుకొస్తారు. అమ్మవారి ముందు పెట్టి పూజ చేస్తారు. తర్వాత ఆయన అమ్మవారి చరిత్ర స్తుతిస్తూ చెప్తారు. అప్పుడు ఆయన నోట వచ్చే మాటని జనం అమ్మవారి మాటగానే వింటారు. అంతా అయ్యాక రైతులకు గింజలు పంచుతారు. ఒక్కొక్కరికి దొరికేది చిటికెడో, గుప్పెడో. దానికోసం ఎన్ని పల్లెల వాళ్ళు రోడ్ల మీద కూర్చుని తెల్లవార్లూ ఎదురుచూస్తారో మీరు కళ్ళారా చూడాలి. 'తొలి ఏరు' అన్న మాటే తొలేళ్ళయిందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఏరు అంటే అరక. తొలి అరక కట్టడానికి అమ్మ ఇచ్చే విత్తనమన్న మాట.

అక్టోబరులో గింజలు తెచ్చి ఏం చేస్తారు, అప్పటికి చేను పొట్ట మీద ఉంటుంది కదా అని మీకు అనిపించవచ్చు. నాన్నగారు ఆ మూటని ఏడాదంతా దేవుడి గూట్లోనే ఉంచేవారు. ఆకుమడి, అంటే నారుమడి, పోసే రోజున విత్తనాలు నానబెట్టేటప్పుడు, ముందు ఈ గింజలు బుట్టలో వేసి, వాటి మీద మిగతా విత్తనం పోసేవారు. "తల్లి గింజ అడుగునుండాల. దాని మీదే మందంతా నిలబడాల" అనేవారు. మంద అంటే పశువులు కాదు, విత్తనమే. ఆయన మాట తీరు అంత. అన్నీ కలిపెయ్యకుండా నాలుగు గింజలు మూటలోనే వదిలేవారు. ఏ ఏడైనా ఒంట్లో బాగోక తొలేళ్ళకి వెళ్ళలేకపోతే ఆ నాలుగే ఆదుకోవాలి. మీ మామ్మగారు దాచినవీ అలా మిగుల్చుకున్నవే అనుకుంటున్నాను. పొలం పోయినా, ఊరు వదిలినా విత్తనం మాత్రం చేతిలో ఉంచుకున్నారు.

ఇక కథ. మీరు నిద్రపోయిన దగ్గర్నుంచి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

విజయనగరం కోటకి 1713లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత నలభై నాలుగేళ్ళకి బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24. పూసపాటి పెదవిజయరామరాజుగారు ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలి కోట మీదికి వెళ్ళారు. ఇదంతా చరిత్రలో రాసి ఉన్నదే. ఆ కోటలో ఏం జరిగిందో బొబ్బిలివాళ్ళు చెప్పాలి, నేను చెప్పడం న్యాయం కాదు. యుద్ధం ముగిసిన మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు విజయరామరాజుగారి గుడారంలో జొరబడి ఆయన్ని చంపేశాడు.

జనం నోట ఉన్న కథ ఇక్కడ కలుస్తుంది. రాజుగారి చెల్లెలు పైడిమాంబ. దుర్గమ్మ ఉపాసకురాలు. యుద్ధం వద్దని ఆవిడా, వదినగారూ ఎంతో చెప్పి చూశారు. రాజుగారు వినలేదు. సైన్యం బొబ్బిలికి కదిలాక ఇక్కడ ఇంట్లో మశూచి వచ్చింది. ఆ సమయంలోనే పైడిమాంబకి అన్నగారి ప్రాణానికి ముప్పుందని తెలిసింది. కబురు పంపుదామంటే ఊళ్ళో మనిషి లేడు, సైనికులందరూ యుద్ధంలో ఉన్నారు. పతివాడ అప్పలనాయుడు అనే ఆయన్ని తోడు తీసుకుని తానే గుర్రపు బండి ఎక్కింది. దారిలో ఉండగానే అన్నగారు పోయారన్న వార్త ఎదురొచ్చింది. సొమ్మసిల్లి పడిపోయింది. అప్పలనాయుడు మొహాన నీళ్ళు చల్లితే లేచి, "నేనింక బతకను, అమ్మవారిలో కలిసిపోతున్నాను, పెద్దచెరువు పడమటి గట్టున నా ప్రతిమ దొరుకుతుంది, గుడి కట్టి నిలపండి" అని చెప్పి ప్రాణం వదిలింది. బెస్తవాళ్ళు చెరువులో దిగి వల వేస్తే ఆ ప్రతిమ బయటపడింది. రైల్వే స్టేషను దగ్గరున్న వనంగుడి అలా వెలిసింది. అప్పలనాయుడుగారే తొలి పూజారి. ఈనాటికీ పూజారితనం ఆయన వారసులకే వస్తోందని చెప్తారు.

ఇది నిజంగా జరిగిందా అని అడిగారు. నేను చరిత్ర పంతులమ్మని కాను. యుద్ధం తేదీకి కాగితం ఉంది. చెల్లెలి ప్రయాణానికి మాత్రం ఊరే సాక్ష్యం. నా మట్టుకు నాకు ఎప్పుడూ ఒకటే తోస్తుంది. ఆ యుద్ధంలో గెలిచింది మా విజయనగరం. కానీ గెలిచిన యుద్ధానికి మా ఊళ్ళో పండగ లేదు. దాన్ని ఆపబోయి, దారిలోనే కూలిపోయిన ఆడకూతురికి ఉంది. రెండువందల అరవై ఏళ్ళు దాటినా కొన్ని లక్షల మంది వచ్చి ఆవిడకే మొక్కుతున్నారు. ఆ ఒక్కటి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మంగళవారం ఊరేగింపులో ఎవరెవరు ముందు నడుస్తారో గమనించండి. మీ మామ్మగారు చెప్పిన కథంతా అందులో కనిపిస్తుంది. వల పట్టుకుని బెస్తవారు నడుస్తారు, అమ్మని నీళ్ళలోంచి తీసింది వాళ్ళ తాతలే కాబట్టి. ఈటెలు, బల్లేలు పట్టుకున్న పాలధార వస్తుంది, అది అమ్మకి కాపలా వచ్చే బలగం. అంజలి రథం మీద మగవాళ్ళు ఆడవేషం కట్టుకుని అక్షతలు చల్లుతారు, వాళ్ళు అమ్మకి చెలికత్తెలు. తెల్ల ఏనుగు బండి ఉంటుంది. ఇవన్నీ దాటాక సిరిమాను వస్తుంది. ఎవరి వంతు వాళ్ళది. బెస్తల వలని ఇంకొకరు పట్టరు, పూజారి వంశం వారి ఆసనం మీద ఇంకొకరు కూర్చోరు. మా బడిలో పిల్లలకి ఈ కథ పుస్తకంలోంచి చెప్పే పనే ఉండేది కాదు. "మా నాన్న వల పట్టుకుంటాడు టీచర్" అని ఒకడు లేచి చెప్తే, మిగతావాళ్ళకి దానితోనే పాఠం మొదలయ్యేది.

సిరిమాను అంటే చింతమాను. యాభై, అరవై అడుగుల పొడవుంటుంది. ఏ ఊళ్ళో ఏ చెట్టో పూజారిగారికి అమ్మవారు కలలో చెప్తుంది. ఆయన వెతుక్కుంటూ వెళ్తారు. తన దొడ్లో చెట్టుని అమ్మ కోరిందంటే ఏ రైతూ కాదనడు. ఒకసారి మా పెద్దమ్మగారి ఊళ్ళో చెట్టు కుదిరింది. నేను అప్పటికి తొమ్మిదో తరగతి. గొడ్డలి పడకముందే ఊరు ఊరంతా వచ్చి ఆ చెట్టుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చీర చుట్టి, కొబ్బరికాయలు కొట్టింది. ఆ చెట్టు కాయలతోనే ఇరవై ఏళ్ళుగా పులుసు పెట్టిన మా పెద్దమ్మ దాని మొదలు కావలించుకుని ఏడ్చింది. ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టే ఉంది అక్కడ. తర్వాత దాన్ని ఎడ్ల బళ్ళ మీద హుకుంపేటకి తరలించారు. అక్కడే వడ్రంగులు మానుని చెక్కి సిద్ధం చేస్తారు. బండికి వాడే ఇరుసుమాను ఇంకో చెట్టు, దాన్నీ అలాగే తెస్తారు.

మంగళవారం మధ్యాహ్నం మూడు దాటాక సిరిమాను కదులుతుంది. చివర ఆసనంలో పూజారిగారు కూర్చుంటారు. కాదు, అలా అనకూడదు. అప్పుడాయన పూజారి కాదు, అమ్మవారే. చదురుగుడి నుంచి కోట దాకా వెళ్ళి వస్తుంది, అలా మూడుసార్లు. రాజకుటుంబం వాళ్ళు కోట బురుజు మీద నుంచి దర్శనం చేసుకుంటారు. జనం అరటిపళ్ళు విసిరి మొక్కు తీర్చుకుంటారు. ఆ మాను కోట వైపు వంగినప్పుడు మా అమ్మ ప్రతి ఏడూ ఒకే మాట అనేది: "పుట్టింటిని సూసుకుంటంది." నాకు ఆ తర్వాత ఇంకే వివరణా అక్కర్లేకపోయింది.

మీరు సోమవారం సాయంత్రానికే రండి.

జవాబు: వేగావతి ఒడ్డు, బొబ్బిలి

టీచరుగారూ, నమస్కారం. బొబ్బిలివాళ్ళే చెప్పాలన్నారు కాబట్టి రెండు మాటలు.

మాది బొబ్బిలి. మా ఇంట్లో ఈ కథ అవతలి వైపు నుంచి వింటూ పెరిగాం. ఆ రోజు కోట నిలబడదని తేలిపోయాక, పరాయి సైన్యానికి చిక్కకూడదని లోపల ఆడవాళ్ళనీ పిల్లల్నీ మనవాళ్ళే కడతేర్చారు. రాజా రంగారావుగారు పోరాడుతూ పోయారు. రాజాం నుంచి వచ్చిన పాపారాయుడు ఆ పగ తీర్చుకున్నాడు. మాకు ఆయన వీరుడు. యుద్ధం జరిగిన చోట స్మారక స్తంభం ఉంది. చిన్నప్పుడు మా తాతగారు అక్కడికి తీసుకెళ్ళి చెప్పులు విప్పించేవారు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది వేరు. అదే తాతగారి భార్య, మా నాన్నమ్మ, పిల్లలు నిలవక పైడితల్లికి మొక్కుకుంది. మా నాన్న పుట్టాక పైడిరాజు అని పేరు పెట్టింది. ఏటా సిరిమానుకి బొబ్బిలి నుంచి విజయనగరం వెళ్ళి అరటిపళ్ళు వేసి వచ్చేది. పెద్దయ్యాక ఒకసారి నేనే అడిగాను, "నాన్నమ్మా, ఆవిడ ఆ రాజుగారి చెల్లెలు కదా, మనమెలా మొక్కుతాం?" అని. ఆవిడ వెంటనే అంది: "ఆడకూతురేటి సేసింది బాబూ? ఆపుదామనే కదా బండెక్కింది. ఆయమ్మ మాట ఇనుంటే మన కోటా ఉండును, ఆల అన్నా ఉండును."

మీరు ఆవిడ ఆపబోయిన ఆడకూతురని రాశారు చూడండి, అక్కడ మా నాన్నమ్మ గొంతే వినిపించింది. పై అమ్మాయి కథ నిజమా అని అడిగింది. రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ ఒకే మాట చెప్పుకుంటూ వచ్చారంటే, నేను దాన్ని నమ్ముతాను.

జవాబు: మక్కువ మామిడితోట

సిరిమాను అనగానే అందరూ విజయనగరమే అంటారు గానీ, మా వైపు శంబర ఊళ్ళో పోలమాంబ జాతరలో కూడా సిరిమాను తిరుగుతుంది. సంక్రాంతి వెళ్ళాక జనవరిలో జరుగుతుంది. ఒడిశా నుంచీ, ఛత్తీస్‌గఢ్ నుంచీ కూడా జనం వస్తారు. అక్కడా మంగళవారమే. మా అమ్మ ముందు పైడితల్లిని, తర్వాత పోలమ్మని చూడకపోతే ఆ ఏడు గడిచినట్టు కాదనేది. ఉత్తరాంధ్ర ఆడవాళ్ళకి ఏడాదిలో పెద్ద ప్రయాణాలంటే ఈ రెండే ఉండేవి. అక్టోబరులో కుదరకపోతే బాధపడకండి, జనవరిలో మా ఊరు రండి.

అడిగినవారు: మామ్మ మనవరాలు, బెంగళూరు

ఈ జవాబులన్నీ నిన్న రాత్రి నాన్నగారికి చదివి వినిపించాను. ఆకుమడి దగ్గర బుట్ట అడుగున గింజలు వేస్తారని రాసిన దగ్గర నన్ను ఆపమన్నారు. వాళ్ళ నాన్నగారు అచ్చం అలాగే చేసేవారని, తాను బుట్ట పట్టుకునేవాణ్ణని చెప్పారు. ఇన్నేళ్ళలో ఆయన ఆ సంగతి మాతో ఎప్పుడూ అనలేదు. మర్చిపోయానన్నారు. కాసేపు ఆ గింజలు చేతిలో పోసుకుని అలాగే కూర్చున్నారు.

ఈసారి ఆయన్ని కూడా తీసుకుని వస్తున్నాం. ఆయనకి డెబ్భై ఒకటి, మోకాళ్ళ నొప్పులు. రాత్రంతా జనంలో నిలబడగలరా అని నాకు టెన్షన్‌గా ఉంది. టీచరుగారూ, ఇంకో మాట. ఈ పాత గింజల్ని గుళ్ళో ఇచ్చెయ్యాలా? నదిలో కలపాలా? కుండీలో వేస్తే మొలుస్తాయా?

జవాబు: గంటస్తంభం టీచరమ్మ, విజయనగరం

బొబ్బిలి బాబూ, మీ నాన్నమ్మగారి మాట నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. మా ఇంట్లో బొబ్బిలి వైపు కథ ఎవరూ చెప్పేవారు కాదు. యాభై కిలోమీటర్ల దూరంలో మీ నాన్నమ్మ, మా అమ్మ ఒకే తల్లికి దణ్ణం పెట్టుకున్నారని ఇప్పుడు తెలిసింది. ఈసారి వచ్చినప్పుడు మా ఇంటికి రండి.

అమ్మా, మీ నాన్నగారి గురించి కంగారుపడకండి. ఆయన్ని గింజల వరసలో నిలబెట్టొద్దు. ఆ పని మీరు చెయ్యండి. ఆడపిల్ల నిలబడవచ్చా అనే సందేహమేమీ పెట్టుకోకండి. మా నాన్నగారికి కాలు విరిగిన ఏడాది నేనే వెళ్ళాను. పంతులమ్మ ఉద్యోగంలో చేరిన కొత్త. నా చుట్టూ అందరూ తలపాగాలే. ఒక పెద్దాయన నన్ను చూసి, "ఎవరి కోసమమ్మా?" అని అడిగాడు. చెప్పాను. ఆయన తన ముందుకి జరగమని దారిచ్చాడు. గింజలు కొంగులో పడ్డాక నాకు కాళ్ళు వణికాయి. అప్పటిదాకా నాన్నగారు మోసుకొచ్చేవి వడ్లనే అనుకున్నాను. ఆ రాత్రి అవి ఎంత బరువో తెలిసింది.

మీరు సోమవారం పగలే రైలు దిగండి. స్టేషను దగ్గరే కాబట్టి ముందు వనంగుడికి వెళ్ళండి. అప్పుడు అక్కడ రద్దీ తక్కువ, నాన్నగారు నెమ్మదిగా దర్శనం చేసుకోవచ్చు. అమ్మవారు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు చదురుగుడిలో ఉంటుంది. వైశాఖంలో దేవర ఉత్సవం చేసి వనంగుడి నుంచి చదురుగుడికి తీసుకొస్తారు. మధ్యాహ్నం ఆయన్ని పడుకోనివ్వండి. పొద్దుపోయాక మూడు లాంతర్ల వైపు నడవండి. మేళాలు కోట నుంచి వచ్చేటప్పుడు దారి పక్కనే ఏదో ఒక అరుగు మీద ఆయన్ని కూర్చోబెట్టండి. ఘటాలు ఆయన ముందు నుంచే వెళ్తాయి. ఆ వేళకి మా ఊళ్ళో ముసలివాళ్ళు కూర్చుంటామంటే కాదనే ఇల్లు ఉండదు.

సిరిమాను రోజున గుడి ముందు జనంలోకి ఆయన్ని తీసుకెళ్ళకండి. కొంచెం దూరంగా నిలబడినా మాను ఎత్తుగా ఉంటుంది, తప్పకుండా కనిపిస్తుంది. సెలవుంటే ఆపై మంగళవారం దాకా ఉండండి. పెద్దచెరువులో తెప్పోత్సవం ఉంటుంది. అమ్మ ప్రతిమ దొరికిన నీళ్ళ మీదే అమ్మని తెప్పలో తిప్పుతారు. జనం పలచగా ఉంటారు, చల్లగాలి ఉంటుంది. మీ నాన్నగారికి అది సిరిమాను కన్నా నచ్చవచ్చు. దాని తర్వాతి మంగళవారం ఉయ్యాలకంబాల ఉత్సవంతో పండగ ముగుస్తుంది.

ఇక గింజలు. మీ దగ్గరున్నవి ఎన్నేళ్ళవో తెలియదు కదా. వడ్లు రెండు మూడేళ్ళు దాటితే మొలక రావడం కష్టం. అందుకని వాటిని కుండీలో వేసి, మొలవలేదని మీరు నొచ్చుకోవద్దు. నదిలోనూ కలపొద్దు, పారెయ్యొద్దని ఆవిడ రాసి పెట్టారు. సోమవారం రాత్రి వచ్చేటప్పుడు ఆ మూట మీతోపాటు తెచ్చుకోండి. కొత్త గింజలు మీ చేతికి రాగానే అదే పసుపు గుడ్డలో, పాత గింజల మీద పోసి ముడెయ్యండి. మా నాన్నగారి లెక్కలో తల్లి గింజ అడుగునుండాలి.

కొత్త గింజల్లో ఒక పది మాత్రం తీసి, బెంగళూరు వెళ్ళాక మీ నాన్నగారి చేత ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టించి, తడిగుడ్డలో కట్టించండి. మొలక తెల్లగా కనబడగానే వెడల్పాటి కుండీలో బురద చేసి చల్లమనండి. నీళ్ళు అడుగంటకుండా చూస్తే ఆకుమడి లేచినట్టే లేస్తుంది. ఆయన ఉద్యోగం మాట ఎలా ఉన్నా, ఆ పని ఆయన చేతులకి గుర్తొస్తుంది. నారు జానెడైతే ఇక్కడ ఒక మాట రాయండి.

చీటీ మాత్రం కొత్తది రాయకండి. మామ్మగారి రాత ఉన్న ఆ కాగితాన్నే మళ్ళీ మూటలో పెట్టండి.